ఆకు కొస చుక్క

తాతమ్మ అన్నది ఆమె అసలు పేరే. వయసు చూసి ఎవరో తగిలించిన పిలుపు కాదు. ఆధార్ కార్డులో కూడా అదే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పంట నమోదు జాబితా సరిచూస్తూ, ఇదేం పేరండీ అని నేను నవ్వాను. బల్లకి అవతల నిలబడ్డ మనిషి నోట్లోంచి చుట్ట తీసి, "నీ పేరేటి పాపా?" అని అడిగింది. సింధూరి అన్నాను. "మరి నీ పేరుకి నాను నవ్వినానేటి?" అంది. అని, నిప్పున్న వైపే నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసింది. మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగడం నాకు కొత్త కాదు. ఒక్క మాటతో నా నోరు మూయించిన మనిషి మాత్రం కొత్తే.

మాది శృంగవరపుకోట. గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా నాకు పోస్టింగు వచ్చిన ఊరు గెడ్డవలస. గజపతినగరం దాటాక బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటోవాడి నస వింటూ తొమ్మిది కిలోమీటర్లు లోపలికి పోవాలి. వానకి నిండే చెరువొకటి, దాని కింద ఇరవై రెండు మళ్లు. ఊరికి ఉన్నదంతా అదే. ఆ మళ్లకి నీళ్లు ఎటు పోవాలో చెప్పే మనిషి తాతమ్మ. ఆమెకేమో సెంటు భూమి లేదు.

భూమి లేకపోవడం వల్లే ఆమెకి ఆ పని వచ్చింది. చెరువు నీళ్లు వదిలే తూముని ఇక్కడ మదుము అంటారు, దాని గోడకి రెండు రాళ్లు గుర్తుగా పెట్టి ఉంటాయి. నీళ్లు రెండో రాయి పైన ఉన్నంతకాలం వంతుల ప్రకారం పోతాయి. రాయి కిందికి దిగిన రోజు నుంచి వంతులు రద్దు. అప్పుడిక పొద్దుకి ఒక్క మడికే నీళ్లు. ఆ మడి ఏదో చెప్పడానికి చెరువు కింద భూమి లేని మనిషిని ఊరు ఎంచుకుంటుంది. ఆ మనిషి తెల్లారేసరికి గట్ల మీద నడిచి, ఆకులు చూసి, అందరికన్నా దాహంగా ఉన్న మడి గట్టు మీద తాటాకు ముక్క గుచ్చి వస్తుంది. మదుము తలుపు తీసే నూకయ్య, తాటాకు ఎక్కడుంటే అక్కడికి నీళ్లు తిప్పుతాడు. ఆమె నడిచి వచ్చేదాకా ఎవరూ మడిలో కాలు పెట్టకూడదు. వచ్చాక ఎవరూ ఎదురు మాట్లాడకూడదు. తాతమ్మ తండ్రి చేసిన పని అది. ఆయన పోయాక ఇరవై రెండేళ్లుగా ఈమె చేస్తోంది. దీనికి జీతం లేదు. కోతలయ్యాక మడికో కుంచెడు ధాన్యం ఇస్తారు. గట్టు మీద ఆమె ఎదురైతే పక్కకి తప్పుకుంటారు. ఆ రెండోదే ఆమెకి ముఖ్యం.

ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్లు అగ్రికల్చర్ చదివి వచ్చినదాన్ని, నా సంచీలో మట్టి తేమ చూసే మీటరుంది, వీళ్లేమో చుట్ట తాగే ముసలమ్మ మాట మీద నీళ్లు వదులుతారా అనుకున్నాను. ఒక రోజు పొద్దున్నే మీటరు పట్టుకుని ఆమె వెనక బయల్దేరాను. మూడు మళ్లలో ఆమె చూసి చెప్పింది, నేను గుచ్చి చూశాను. మూడింటికి మూడూ సరిపోయాయి. నాలుగో మడి దగ్గర నా మీటరు బ్యాటరీ అయిపోయింది. తాతమ్మ ఏమీ అనలేదు. అనకుండా నవ్వే నవ్వొకటి ఆమెకుంది, అది అన్నదానికన్నా ఎక్కువ.

ఆ రోజే గట్టు మీద గొంతుకు కూర్చుని ఒక వరి ఆకుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూపించింది.

"సూడు పాపా. ఆకు మీద సన్నగా పరుసుకున్నాదే, అది మంచు. అది ఆకాశానిది. ఎండిన మడికీ తడిసిన మడికీ ఒక్కలాగే పడతాది. దాన్ని సూసి మోసపోకు. కొసన ముత్తెంలాగ నిలబడ్డాదే, ఆ సుక్క మొక్కది. కింద నీళ్లుంటేనే అది వస్తాది."

చదువుకున్నాను నేనది. పుస్తకంలో దానికో పేరుంది, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని వదిలేశాను. పగలు ఆకుకి కంటికి కనబడని నోళ్లు వేలకు వేలు తెరుచుకుని ఉంటాయి. వాటిలోంచి నీళ్లు ఆవిరై పోతుంటే, వెనకనున్న నీళ్లు సన్నటి గొట్టాల్లో ఒకదాన్నొకటి పట్టుకుని, తెగని దారంలా వేరు నుంచి పైకి వస్తాయి. మోటారు లేదు, కరెంటు లేదు, ఎండే లాగుతుంది. రాత్రయితే ఆ నోళ్లు మూసుకుంటాయి. అయినా తడి ఉన్న నేలలో వేరు ఊరుకోదు, నెడుతూనే ఉంటుంది. పైన ఎక్కువైన నీళ్లు పోయే దారిలేక ఆకు కొసన చుక్కగా బయటికి వస్తాయి. నేలలో తడి లేకపోతే నెట్టడానికేమీ ఉండదు, తెల్లారి కొస ఖాళీగా ఉంటుంది. తాతమ్మకి ఈ నోళ్లూ గొట్టాలూ ఏవీ తెలియవు. చుక్క తెలుసు.

చుక్క ఒక్కటే కాదు. ఉలవ చేలో మిట్టమధ్యాహ్నం నిలబెట్టి, ఆకులు ఎండకి అంచు మాత్రమే చూపిస్తూ పక్కకి తిరిగి ఉండటం చూపించింది. మునగ చెట్టు ఆకులు రాల్చేసి భారం దించుకుంటుందనీ, జీడిమామిడి ఆకు మందంగా, మైనం పూసినట్టు ఉండేది నీళ్లు దాచుకోవడానికేననీ చెప్పింది. "వరికి మాత్రం అంత తెలివి నేదు పాపా. అది సుట్టుకుంటాది, అంతే. మన సాప సుట్టినట్టు. సుట్టుకుని నోరు మూసుకుంటాది. నీళ్లు పోకుండా దాసుకుంటాది గాని, నోరు మూసుకుంటే తిండెలగ దిగుతాది? ఎక్కువ రోజులు మూసుకుంటే అలగే ఎండిపోతాది" అంది. నేను మీటరు సంచీలో పెట్టేశాను. మళ్లీ ఆమె ముందు తియ్యలేదు.

ఇప్పుడు జగ్గమ్మ గురించి చెప్పాలి. చెప్పాలంటే నాకు కోపం వస్తుంది, అయినా చెప్పాలి.

మా వైపు నేస్తం కట్టుకోవడమని ఒకటుంది. మామూలు స్నేహం వేరు, ఇది వేరు. గ్రామదేవత సంబరం రోజున ఇద్దరాడపిల్లలు పెద్దల ముందు ఒకరికొకరు బట్టలు పెట్టుకుని, గాజులు తొడుక్కుని, ఒక ఆకులో తింటారు. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. చచ్చేదాకా ‘నేస్తం’ అనే పిలవాలి. ఒకరి అమ్మ ఇంకొకరికి అమ్మ, ఒకరి మొగుడు ఇంకొకరికి బావ. పేరు పెట్టి పిలిచారంటే తెగిపోయినట్టే. ఊళ్లో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

తాతమ్మకి పన్నెండో ఏట జగ్గమ్మతో నేస్తం కట్టారు. జగ్గమ్మది రెండెకరాల ఇల్లు, తాతమ్మది కూలి ఇల్లు. నేస్తానికి అవేవీ అడ్డం రాలేదు. పెళ్లిళ్లూ అదే ఊళ్లో అయ్యాయి. తాతమ్మ బాలింత జ్వరంతో పడి ఉంటే, ఆమె కూతురు పద్మకుమారికి నెల రోజులు పాలిచ్చింది జగ్గమ్మే. తాతమ్మ మొగుడు గంగులు పాము కరిచి పోతే, మూడు రోజులు ఆమె పక్కన కూర్చుని తానూ మెతుకు ముట్టలేదు. కలుపుకి వెళ్లినా, సంతకి వెళ్లినా ఇద్దరూ కలిసే. ఆకు చూడటం కూడా అలాగే, కలుపు తీస్తూ తీస్తూ, నేస్తానికి నేర్పేసింది తాతమ్మ. "నా కళ్లు పోతే దాని కళ్లున్నాయి గదా" అనేది నాతో. నలభై ఆరేళ్లలో ఒకరి పేరు ఇంకొకరు నోట పలకలేదు. తాతమ్మ ఫోన్లో కూడా జగ్గమ్మ నంబరుకి పేరు లేదు, మనవరాలి చేత పువ్వు బొమ్మ పెట్టించుకుంది.

ఒక్క తేడా మాత్రం నేను ముందే గమనించాను. గమనించి ఊరుకున్నాను. మిగతా మళ్లన్నిటిలోకీ తాతమ్మ దిగేది. బురదలో చెయ్యి పెట్టి, ఆకు తిప్పి, కింద చూసి, పైన చూసి గట్టెక్కేది. నేస్తం మడిలోకి దిగేది కాదు. గట్టు మీద నిలబడి కొసలు చూసి వెళ్లిపోయేది. ఎందుకని అడిగితే, "దిగి సూడటమంటే అనుమానపడినట్టు గదా పాపా. నేస్తాన్ని అనుమానిస్తారేటి?" అంది. అనుమానించకపోవడమే పెద్దరికం అనుకుంది పిచ్చితల్లి.

మొన్నటి ఖరీఫ్‌లో వానలు ఊడ్పుల దాకా బాగానే పడ్డాయి. తర్వాత మొహం చాటేశాయి. వినాయక చవితి నాడు నాలుగు చినుకులు, అంతే. దసరా వెళ్లేసరికి నీళ్లు రెండో రాయి కిందికి దిగాయి. మళ్లలో సన్నరకం వరి వెన్ను ఇంకా బయటికి రాకుండా పొట్ట మీదుంది. వరికి నీళ్లు తప్పకూడని రోజులవే. నూకయ్య మదుము దగ్గర కర్ర ముంచి చూసి, పన్నెండు పొద్దుల నీళ్లున్నాయని చెప్పాడు. తాతమ్మ చుట్ట మానేసింది. మామూలు రోజుల్లో ఆకు చూసి వచ్చేదాకా మాత్రమే ముట్టేది కాదు. తాటాకు గుచ్చే రోజుల్లో మాత్రం పూర్తిగా మానేస్తుంది. అదొక నియమం.

మొదటి తాటాకు నూకయ్య తమ్ముడి మడికి పడింది. రెండోది అనూరాధ మడికి. అనూరాధ చెరువు కింద చిట్టచివర ఎకరం కౌలుకి చేస్తోంది. మొగుడు చెన్నైలో లిఫ్టులు బిగించే పనిలో ఉన్నాడు. పిల్ల ఒక్కతే ఊడ్పించుకుంది, ఒక్కతే ఎరువు చల్లుకుంది. చివరి మడి కాబట్టి నీళ్లు చేరేసరికి సగం దారిలో ఇంకిపోతాయి. మూడో పొద్దున తాటాకు జగ్గమ్మ మడికి పడింది. ఐదో పొద్దున మళ్లీ జగ్గమ్మ మడికే. ఎనిమిదో పొద్దున మళ్లీ.

ఊళ్లో ముందు గుసగుసలు మొదలయ్యాయి. ఆ తర్వాత నేను వస్తుంటే మాటలు ఆపేయడం మొదలైంది. ఎనిమిదో రోజు సాయంత్రం అనూరాధ మా రైతు కేంద్రానికి వచ్చింది. గుప్పిట్లో నాలుగు వెన్నులున్నాయి. అప్పుడే బయటికి వచ్చినవి, తెల్లగా, గింజ పట్టకుండా ఎండిపోయి ఉన్నాయి. "సగం మడి ఇలగే ఉన్నాది మేడం. మిగతా సగం ఇంకా ఎన్ను తియ్యనేదు. ఇంకొక్క తడి వస్తే అదైనా బతుకుతాది. తాతమ్మత్త నా మడి సూడతన్నాదా? నిజంగా సూడతన్నాదా?" అంది. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ మాట తాతమ్మకి నేనే చేరవేశాను.  "సూసినాను పాపా. దాని మడి కొస ఎండే ఉన్నాది. నేస్తం మడి కొసా ఎండే ఉన్నాది. దాని మడిలో ఎక్కడో ఒక సుక్కైనా ఉన్నాది, నేస్తం మడిలో అదీ నేదు. అబద్దం సెప్పనేను గదా" అంది. "రేపు నాతో రా" అంది.

తొమ్మిదో పొద్దున ఇద్దరం వెళ్లాం. తూర్పున ఇంకా ఎరుపు రాలేదు. వరసగా మళ్లన్నీ చూసుకుంటూ, దిగుతూ ఎక్కుతూ, జగ్గమ్మ మడి గట్టు మీదికి వచ్చాం. తాతమ్మ వంగి కొసలు చూసింది. ఒక్క చుక్క లేదు. చేతిలో తాటాకు ఉంది. గుచ్చబోయింది కూడా. గుచ్చలేదు. వంగినది వంగినట్టే ఆగిపోయింది.

ఆమె తన చీర అంచు చూసుకుంటోంది. గట్టు మీద గడ్డికి రాసుకుని అంచు పిండేలా తడిసింది. నా పాంటు కూడా మోకాలి దాకా తడిసింది. ఆ రోజు మంచు బాగా పడింది. తాతమ్మ చెయ్యి చాపి మడిలోని ఆకుని నిమిరింది. అరచెయ్యి చూసుకుంది. అరచెయ్యి పొడిగా ఉంది.

"గట్టు గడ్డి మీద మంచున్నాది. ఈ ఆకు మీద మంచు కూడా నేదు పాపా" అంది.

నాకు అర్థమయ్యేసరికి ఆమె మడిలోకి దిగింది. ఆకు చూడటానికి నేస్తం మడిలోకి దిగడం ఇదే మొదటిసారి. కాలు చీలమండ దాకా బురదలోకి పోయింది. నిన్నటి నీళ్లతో మెత్తగా ఉన్న నేల అది. ఆ నేలలోని వరికి కొసన చుక్క రాకపోవడమనేది జరగదు. ఎవరో చుక్కనీ మంచునీ కలిపి దులిపేస్తే తప్ప జరగదు.

ఎలా దులుపుతారో నాకు తెలుసు. నేనే చెప్పాను. ఆగస్టులో రైతుల మీటింగు పెట్టి, ఆకుముడత పురుగుకి మందెందుకు కొడతారు, మడిలో నీళ్లుంచి, ఇద్దరు రెండు గట్ల మీద నిలబడి, కొబ్బరి తాడు పైరు మీంచి లాగండి, పురుగులు నీళ్లలో రాలిపోతాయి అని చెప్పాను. ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్నది జగ్గమ్మా, ఆమె మొగుడు నరసింగరావూ. ఎంత మంచి రైతులని మెచ్చుకున్నాను కూడా. ఇప్పటికీ తలుచుకుంటే నన్ను నేనే రెండు తన్నుకోవాలనిపిస్తుంది.

తాతమ్మ తాటాకు పట్టుకుని మళ్ల చివరికంటా నడిచింది. అనూరాధ గట్టు మీద గుచ్చింది. కాళ్ల బురద కడుక్కోకుండానే జగ్గమ్మ ఇంటికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

జగ్గమ్మ అరుగు ఊడుస్తోంది. అరుగు పక్కన దండెం మీద కొబ్బరి తాడు వేలాడుతోంది. తడిసి నల్లగా ఉంది. పీచులో వరి ఆకు ముక్కలు పచ్చగా ఇరుక్కుని ఉన్నాయి. తాడు కొస నుంచి చుక్క చుక్కగా నీళ్లు అరుగు మీద పడుతున్నాయి.

"రా నేస్తం, కూకో. టీ పెడతాను. పాపా, నువ్వూ కూకో" అంది జగ్గమ్మ.

తాతమ్మ కూర్చుంది. సరిగ్గా తాడుకి ఎదురుగా కూర్చుంది. టీ వచ్చింది, తాగింది. "అనూరాధ మడి ఎండిపోతన్నాది నేస్తం" అంది. "అవును, పాపం. దాని గెరచారం బాగోనేదు" అంది జగ్గమ్మ. "ఊళ్లో నన్ను అనుకుంటన్నారట" అంది తాతమ్మ. "ఊరన్నాక అనుకోరేటి, పట్టించుకోకు" అంది జగ్గమ్మ. తాతమ్మ తాడు వైపే చూస్తూ, "నాకేటైనా సెప్తావేటి నేస్తం?" అని అడిగింది. జగ్గమ్మ కూడా ఒకసారి తాడు వైపు చూసింది. "ఏటుంటాది సెప్పడానికి? ఇంకాస్త టీ పొయ్యనా?" అంది.

వెనక్కి వస్తుంటే నేను రగిలిపోతున్నాను. ఇప్పుడే నూకయ్యకి చెబుదాం అన్నాను. తాతమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వొద్దు. అది సెప్తాది. ఇంట్లో సెప్పడానికి సిగ్గుపడినాది. పదిమందిలో నామీద మాట పడితే అది ఓర్సుకోనేదు. దాని సంగతి నాకు తెలుసు" అంది. "ఒకవేళ సెప్పకపోనా నాను సెప్పను. ఆ తప్పేదో నామీదే ఏసుకుంటాను. పిల్లకి పాలిచ్చినాది పాపా" అంది. నాకు ఆ మంచితనం నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

ఆ సాయంత్రం మదుము దగ్గర ఊరు కూడింది. అనూరాధ తెల్లటి వెన్నుల కట్ట తెచ్చి రాతి మీద పెట్టింది. నూకయ్య పెద్దమనిషి, మాట తూచి మాట్లాడతాడు.

"తాతమ్మా, తొమ్మిది పొద్దుల్లో మూడు తాటాకులు నరసింగరావు మడికే పడ్డాయి. ఈ పిల్లకి ఇయ్యాలిటితో రెండు. ఎన్నడూ నిన్ను అడగనేదు. ఇప్పుడు అడగతన్నాను. ఆకుని సూసి ఇచ్చినావా, మనిషిని సూసి ఇచ్చినావా?"

"ఆకుని సూసే ఇచ్చినాను" అంది తాతమ్మ.

"మరి ఆకు అబద్దమాడతాదేటి?"

తాతమ్మ తల తిప్పింది. ఆడవాళ్ల మధ్య కూర్చున్న జగ్గమ్మ వైపు చూసింది. అందరూ అటే చూశారు.  జగ్గమ్మ ఊరుకున్నా బాగుండేది. తాతమ్మ ఆ నింద మోసుకుని ఇంటికెళ్లిపోయేది, నలభై ఆరేళ్లకి ఇంకో పదేళ్లు కలిసేవి. జగ్గమ్మ ఊరుకోలేదు. చీర కొంగు సర్దుకుంటూ లేచి నిలబడింది.

"ఒగ్గీయండి మావా. దానికి నానంటే పేనం. ఆ పేనంకొద్దీ ఇచ్చీసినాది. వయసు కూడా మీరినాది, కళ్లు సరిగ్గా ఆనతన్నాయో నేదో. ఇంకేటి అంటారు దాన్ని?" అంది.

జాలిగా, నవ్వుతూ అంది. ఒక్క మాటలో కళ్లు పోయాయని చెప్పింది, పక్షపాతం చూపిందని చెప్పింది, తాను క్షమిస్తున్నానని కూడా చెప్పింది. నా జీవితంలో అంత తియ్యగా గొంతు కోయడం నేను చూడలేదు.

తాతమ్మ మెల్లగా లేచింది.

"జగ్గమ్మా" అంది.

 పిల్లలకి కూడా తెలుసు ఆ పిలుపుకి అర్థమేంటో. జగ్గమ్మ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసుకోవడం మర్చిపోయినట్టు.

"జగ్గమ్మా, తాడు ఆరిందేటి?"

"తాడేటి... నేస్తం, అది పురుక్కి..." అని జగ్గమ్మ నా వైపు చెయ్యి చూపించింది. "ఈ పాపే గదా లాగమని సెప్పినాది. అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడ్డాను. "మడిలో నీళ్లు నిలబెట్టి పగటిపూట లాగమన్నాను. పొట్ట మీదున్న పైరుకి, తెల్లారకముందు, తాతమ్మ రాకముందు లాగమని నేను చెప్పలేదు" అన్నాను. నూకయ్య నరసింగరావుని చూశాడు. నరసింగరావు కాలి బొటనవేలితో మట్టి గీస్తూ తలెత్తలేదు. అంతటితో ఊరికి తెలిసిపోయింది.

అప్పుడు జగ్గమ్మ తిరగబడింది. "అవునే, లాగినాం. ఏటి సెయ్యమంటావు? పోయిన ఏడు సగం తాలు పోనాది. నీకేటే, నీకు మడి నేదు. మడి ఉన్నోళ్ల బెంగ నీకేటి తెలుస్తాది?"

తాతమ్మ ఆ మాటకి కోప్పడలేదు. కాసేపు ఆమెనే చూసింది. పన్నెండేళ్ల పిల్లలుగా ఒక ఆకులో తిన్న మొహం కోసం వెతికినట్టు చూసింది.

"నేదు. నాకు మడి నేదు. నువ్వున్నావనుకున్నాను" అంది.

మర్నాటి కోసం కోసి పెట్టుకున్న తాటాకు ఆమె నడుములో దోపుకుని ఉంది. అది తీసి నూకయ్య ముందు పెట్టేసింది, ఇక నా వల్ల కాదంది.  అనూరాధ లేచి వచ్చి ఆ తాటాకు తీసుకుని మళ్లీ ఆమె చేతిలోనే పెట్టింది. "ఇంకా మూడు పొద్దులున్నాయి గదత్తా. నువ్వే సూడు" అంది. సగం పంట పోగొట్టుకున్న పిల్ల అంది ఆ మాట.

పదో పొద్దున తాతమ్మ పిలవకుండానే నేను ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె అప్పటికే గుమ్మంలో ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. దారిలో ఒక్కసారే మాట్లాడింది. "కొస సూడమని దానికి నానే నేర్పినాను పాపా. నా కళ్లతోటే నన్ను పొడిసినాది" అంది. ఆ తర్వాత పనిలో పడింది. మడి మడికీ దిగింది, ఎక్కింది.

జగ్గమ్మ మడి దగ్గరికి వచ్చాం. అవతలి గట్టు మీద జగ్గమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. "నేస్తం" అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. తాతమ్మకి వినబడింది, నాకు తెలుసు. తలెత్తలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని మడిలోకి దిగింది.

ఆ పొద్దున తాడు లాగిన వాళ్లెవరూ లేరు. పొద్దు పొడుస్తోంది. రెండెకరాల మడిలో ఆకు ఆకు కొసనా చుక్క నిలబడి ఉంది. ఒక్క ఆకు ఖాళీగా లేదు. మూడు తడులు పీల్చుకున్న పైరు, గాలికి కదిలితే చుక్కలన్నీ ఒక్కసారి మెరిశాయి. తాతమ్మ ఒక ఆకుని దగ్గరికి వంచి, కొస చూసి, చుక్క రాలకుండా జాగ్రత్తగా వదిలింది.

"బాగున్నాది పాపా, జగ్గమ్మ మడి" అని, తాటాకు పట్టుకుని అనూరాధ మడి వైపు నడిచింది.